క్యాంపస్ పక్కన గజం ఎంత?

తెలుగులో క్యాంపస్ అంటే చోటు కాదు, ఉద్యోగం. పెళ్లి భోజనాల్లో పప్పు వడ్డించి నెయ్యి వేసేలోపే పక్క కుర్చీ ఆయన అడుగుతాడు: "మీవాడికి క్యాంపస్ వచ్చిందా?" అవతలి తండ్రి గొంతు సవరించుకుని, "రెండొచ్చాయండీ. ఒకటి వదిలేశాడు" అంటాడు. వినేవాళ్లెవరూ ఆ కుర్రాడు రెండు మైదానాల్లో ఒకదాన్ని వదిలేశాడనుకోరు. లాటిన్‌లో ఆ మాటకు మైదానమనే అర్థం. రోమనులు అమాయకులు, మైదానానికి ప్యాకేజీ ఉండదని వాళ్లకు తెలియదు.

అందుకే ఎంసెట్ ర్యాంకు వచ్చిన రాత్రి మా మేనకోడలు, "నాన్నా, ఆప్షన్లు పెట్టేముందు రెండు మూడు క్యాంపస్‌లు చూసొద్దామా?" అని అడిగితే మా బావకు నిజంగానే అర్థం కాలేదు.

"క్యాంపస్ నాలుగో సంవత్సరంలో కదమ్మా వచ్చేది? ఇప్పుడేం చూస్తాం?"

(ఎంసెట్ అనే అంటున్నాను. ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారింది. కానీ 1986 నుంచి నోళ్లలో నానిన పేరు గెజిట్‌తో పోదు. మా అక్క ఇప్పటికీ ఎంసెట్‌కే మొక్కుకుంటుంది. ఈఏపీసెట్‌కు మొక్కితే ఏ దేవుడికి చేరుతుందోనని ఆమె అనుమానం.)

పాప కోరికలో తప్పు లేదు. ఇంటర్ రెండేళ్లు చదివిన చోటును కూడా క్యాంపస్ అనే చెప్పి చేర్చుకున్నారు. కింద టైర్ల షాపు, పైన జిమ్ము, నడుమ మూడంతస్తుల్లో ఎంపీసీ. ఆటస్థలం ఎక్కడని అడిగితే డాబా చూపించారు. దాని మీద నాలుగు నీళ్ల ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు, తాళం వేసిన తలుపు. పొద్దున ఆరింటికి స్టడీ అవరు, రాత్రి పదింటికి స్టడీ అవరు, వాటి మధ్య ఊపిరాడితే దాన్ని క్లాసన్నారు. ఆ రెండేళ్లలో పాప రోజూ చూసిన చెట్టు ఒకటే, గ్రిల్లులోంచి కనబడే పక్కింటివాళ్ల మునగ. రెండో ఏడాది వాళ్లు అదీ కొట్టేసి షెడ్డు వేసుకున్నారు. అలాంటి పిల్ల, రాబోయే నాలుగేళ్లు ఉండబోయే చోట చెట్టుందో లేదో ముందే చూసుకుంటానంటే మా బావ దాన్ని "రీల్స్ చూసి చెడిపోవడం" అన్నాడు.

చోటు సంగతి మనవాళ్లు అసలు పట్టించుకోరని కాదు. 2023లో రాజస్థాన్‌లోని కోటాలో కోచింగ్ పిల్లలు ఒకరి తరవాత ఒకరు ప్రాణాలు తీసుకుంటుంటే, అక్కడి జిల్లా యంత్రాంగం హాస్టళ్లన్నిటికీ ఒక ఆదేశం ఇచ్చింది: గదుల్లో ఫ్యాన్లకు స్ప్రింగులు బిగించండి. పిల్లలుండే చోటు ఎలా ఉండాలన్న ప్రశ్నకు ఇంతమంది ఇంజనీర్లున్న దేశం చెప్పిన జవాబు అది. గోడలు అవే, వేళలు అవే, ఫ్యాను మారింది.

నేను పాప తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. "బావా, రేపు సంబంధం చూడ్డానికి వెళ్తే ఇల్లు చూడవా? వీధి చూడవా? నీళ్లు ఉప్పో తీపో కనుక్కోవా?"

"అబ్బాయి ప్యాకేజీ చూస్తాను" అన్నాడు. మా బావ నిజాయితీపరుడు.

ఆఖరికి ఒప్పుకున్నాడు, పాప కోసం కాదు. కాలేజీల నుంచి వస్తున్న ఫోన్లు భరించలేక. ర్యాంకులు రాకముందు నుంచే మొదలయ్యాయవి. "సార్, పాపకు ఎంత రావచ్చనుకుంటున్నారు?" అని అడిగినాయన గొంతులో మా ఇంట్లోవాళ్లెవరి గొంతులోనూ లేనంత ఆదుర్దా ఉంది. ఆరా తీస్తే ఆయన లెక్కల అసిస్టెంట్ ప్రొఫెసరు. నెలాఖరులోపు ఆరు అడ్మిషన్లు తేకపోతే జీతం ఆపుతామన్నారట. పాఠం చెప్పే పిల్లల్ని ముందు తనే పట్టుకొచ్చుకోవాలి. మేకల కాపరికి కూడా ఇంత కష్టం లేదు, మందను ఎవరో ఒకరు అప్పగిస్తారు. ఆయన మీద జాలితోనే మేం ఆ కాలేజీకి బయల్దేరామంటే నమ్మండి.

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. దానికి అటూ ఇటూ మొలతాడుకు రాగి బిళ్లల్లా ఇంజనీరింగ్ కాలేజీలు, వాటి మధ్య ప్లాట్ల వెంచర్లు. వెంచర్ బోర్డు మీద "ప్రఖ్యాత ఇంజనీరింగ్ కాలేజీకి 5 నిమిషాలు" అని ఉంటుంది. ఆ ప్రఖ్యాత కాలేజీ బ్రోచర్ మీద "ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలు" అని ఉంటుంది. రెండు లెక్కలూ వేసినవాడు హెలికాప్టర్‌లో తిరుగుతుండాలి. మా కారుకు మాత్రం సర్వీసు రోడ్డు దిగాక గేటు చేరేసరికి ముప్పావుగంట పట్టింది, అందులో పావుగంట గేదెలది.

కారు దిగగానే మా బావ నాలుగు దిక్కులా చూశాడు. గాలి గట్టిగా పీల్చాడు. పరిసరాల మీద ఆయనకింత ఆసక్తి ఉందని నాకప్పటిదాకా తెలియదు. గేటు దగ్గరున్న వాచ్‌మన్ భుజమ్మీద ఆప్యాయంగా చెయ్యి వేసి అడిగాడు:

"ఇక్కడ గజం ఎంతుంది?"

లోపల కాలేజీ పీఆర్వో మాకోసం టై కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ముందు సరస్వతీదేవి విగ్రహం చూపించాడు, తరవాత వ్యవస్థాపకులవారి తండ్రిగారి విగ్రహం. రెండోది ఎత్తుగా ఉంది. సరస్వతికి పూలదండ పాతది, తండ్రిగారికి కొత్తది. వ్యవస్థాపకులవారు ఇరవై ఏళ్ల క్రితం ఇక్కడ ఇటుకల బట్టీ నడిపారని తరవాత బయట టిఫిన్ బండి ఆవిడ చెప్పింది. బట్టీ నడిపినవాడు బడి కట్టకూడదని నేననను. కాకపోతే పద్ధతి మారలేదనిపించింది. అన్నీ ఒకే అచ్చు, ఒకే వేడి, లెక్క వెయ్యికింత.

బ్రోచర్ చేతిలో పెట్టుకుని తిరిగాం. బ్రోచర్‌లో పచ్చిక మీద నలుగురు పిల్లలు లాప్‌టాప్ చుట్టూ కూర్చుని నవ్వుతున్నారు. అందులో ఒకమ్మాయి జుట్టు బంగారు రంగు. ఆమె ఏ సెక్షనని పాప అడిగింది. పీఆర్వో నవ్వి, "ఇంటర్నేషనల్ ఎక్స్‌పోజర్ మేడమ్" అన్నాడు. ఆ పచ్చిక నిజంగానే ఉంది. దాని మధ్యలో బోర్డు కూడా ఉంది: గడ్డి మీద కూర్చోరాదు, ఫైన్ 500. ఈతకొలను కూడా నిజమే. నీళ్లు లేవు. అడుగున రెండు కుక్కలు పడుకున్నాయి, క్యాంపస్ లైఫ్ అనుభవిస్తున్నది ఆ ప్రాంగణంలో అవే. జిమ్ములో ట్రెడ్‌మిల్లుకు ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు, నా పెళ్లిలో వచ్చిన సోఫాలాగా. లైబ్రరీలో పుస్తకాలన్నీ అద్దాల బీరువాల్లో ఉన్నాయి. తాళంచెవి ఇన్‌చార్జి దగ్గర, ఇన్‌చార్జి సెలవులో.

వర్క్‌షాపు ఏదని అడిగాను, ఇంజనీరింగ్ కాలేజీ కదా అని. లేతు మిషన్లు తీసేసి ఆ హాల్లో కంప్యూటర్లు పెట్టారట. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ బ్రాంచికిన్ని సీట్లే అన్న గరిష్ఠ పరిమితి ఎత్తేశాక, కంప్యూటర్ సైన్సు పేరుతో ఎన్ని సెక్షన్లు తెరవచ్చో అన్నీ తెరిచారు. సివిల్ బ్రాంచి మూసేశారు. గోడలు పెచ్చులూడుతున్నది అందుకే కాబోలు.

"నాక్ గ్రేడు ఏ ప్లస్ సార్, త్వరలో ఏ ప్లస్ ప్లస్" అన్నాడు పీఆర్వో. కాలేజీల నాణ్యత తేల్చే నాక్ వేసే ఆ ప్లస్సుల మాట వింటే ఇప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకు మంచి గ్రేడు కోసం లంచాలు ముట్టాయని సీబీఐ కేసు పెట్టి, తనిఖీ బృందం అధ్యక్షుడితో సహా పదిమందిని అరెస్టు చేసింది. నగదు, బంగారం, ఫోన్లు, లాప్‌టాప్‌లు చేతులు మారాయన్నది అభియోగం. అది కోర్టులో తేలాలి. కానీ తనిఖీ రోజు ఎలా ఉంటుందో కాలేజీల చుట్టూ బతికేవాళ్లందరికీ తెలుసు. కుండీలు అద్దెకొస్తాయి, పీహెచ్‌డీలు అద్దెకొస్తాయి. ఆ రోజు మెస్సులో పనీరు వండుతారు. పిల్లలు అభిమానంగా ఆ కూరకు "నాక్ పనీర్" అని పేరు పెట్టుకున్నారని, ఐదేళ్లకోసారి తింటారని ఒక సీనియర్ కుర్రాడు మెట్ల దగ్గర గుసగుసగా చెప్పి, కెమెరా చూసి వెళ్లిపోయాడు.

గుసగుస ఎందుకంటే, ఆ మెట్లు అబ్బాయిలవి, మా పక్కన పాప ఉంది. అమ్మాయిల మెట్లు వేరే. బస్సులో ముందు సీట్లు వేరే, వెనక సీట్లు వేరే. క్యాంటీన్‌లో నడుమ ప్లైవుడ్ అడ్డు. గడ్డం పెంచితే ఫైను, బూట్లు నల్లవి కాకపోతే ఫైను, మెడలో ఐడీ కార్డు లేకపోతే ఫైను. ర్యాగింగ్ సంగతేంటని నేను అడిగాను. ఉమ్మడి రాష్ట్రం 1997లోనే దానిమీద చట్టం చేసింది, 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు పెట్టింది, ఏటా తండ్రీబిడ్డలిద్దరి చేతా హామీపత్రం రాయించుకుంటారు. పీఆర్వో ఛాతీ విరుచుకున్నాడు.

"మా దగ్గర జీరో ర్యాగింగ్ సార్. అసలు సీనియర్లు జూనియర్లతో మాట్లాడితేనే ఫైను."

"మరి పాఠం అర్థం కాకపోతే ఎవర్ని అడగాలి?" అంది పాప.

"యాప్ ఉంది మేడమ్."

మా బావ ముఖం వెలిగిపోయింది. ప్లైవుడ్ అడ్డు దగ్గర నిలబడి దాన్ని వేలితో తట్టి చూశాడు, గట్టిదేనా కాదా అని. "పద్ధతిగా ఉంది" అన్నాడు. మన తల్లిదండ్రులు చదువు కొనరు, కాపలా కొంటారు. సీసీ కెమెరాలెన్ని, గోడ ఎత్తెంత, గేటు ఎన్నింటికి మూస్తారు? ఈ మూడూ అడిగినవాడు క్యాంపస్ మొత్తం విచారించినట్టే. గోడ ఎత్తు చూసి కొనేది ఒకప్పుడు పశువుల దొడ్డి.

గేటు వేళలు కూడా చెప్పాడు పీఆర్వో. అబ్బాయిల హాస్టల్ తొమ్మిదిన్నరకు, అమ్మాయిల హాస్టల్ ఆరున్నరకు. అంటే ఆ పదెకరాల ప్రాంగణంలో చీకటి రెండు విడతలుగా పడుతుంది. లైబ్రరీ ఎనిమిదింటిదాకా తెరిచే ఉంటుందని బ్రోచర్‌లో రాశారు, ఆడపిల్లలకు అది చూసి ఆనందించే వెసులుబాటు కిటికీలోంచి ఉంది. 2015లో ఢిల్లీలో హాస్టల్ అమ్మాయిలు 'పింజ్రా తోడ్' అంటూ, పంజరం విరగ్గొట్టండంటూ, సరిగ్గా ఈ వేళల మీదే వీధికెక్కారు. ఆ వార్త ఔటర్ రింగు టోల్ గేటు దగ్గర ఆగిపోయినట్టుంది, ఫాస్టాగ్ లేక.

బ్రోచర్ వెనక అట్ట మీద "లేక్ వ్యూ క్యాంపస్" అని ఉంది. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా పుట్టాక హైదరాబాద్ చుట్టుపక్కల ఆ మాట వింటే ఎవరికైనా కొంచెం వణుకొస్తుంది. చెరువు కాలేజీ పక్కన ఉందా, కాలేజీ చెరువులో ఉందా అన్నది చెరువు నిండితే నీళ్లెక్కడిదాకా వస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ మ్యాపు చూస్తే గాని తేలదు. మా బావ ఆ ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టి సర్వే నంబరు అడిగాడు. పీఆర్వో మొదటిసారి టై సడలించుకున్నాడు.

పాప ఈలోపు గేటు బయటికి వెళ్లింది. అక్కడ టిఫిన్ బండి, జిరాక్సు షాపు, పంక్చర్ షాపు. ఆ పిల్ల బండి దగ్గర ప్లేటు దోసె తీసుకుని ఇరవై నిమిషాలు నిలబడి వచ్చింది. మేం రెండు గంటల్లో తెలుసుకోనిదంతా ఆవిడ దగ్గర తెలుసుకుంది. హాస్టల్‌కు నీళ్లు ట్యాంకరులో వస్తాయి, వేసవిలో రెండ్రోజులకోసారి. సాయంత్రం ఐదున్నర తరవాత ఆర్టీసీ బస్సు లేదు. గేటు నుంచి మెయిన్ రోడ్డుకు కిలోమీటరున్నర, ఒక్క లైటు వెలగదు. పోయినేడు రాత్రి ఒకమ్మాయికి జ్వరం ముదిరితే వార్డెన్ ఫోనెత్తలేదు, బండావిడ తమ్ముడి ఆటోలోనే తీసుకెళ్లారు. మెస్సులో సాంబారు బాగున్న రోజు ఆవిడకు గిరాకీ ఉండదు. ఏడాది మొత్తంలో గిరాకీ లేని రోజులెన్నని పాప అడిగితే ఆవిడ వేళ్లు లెక్కపెట్టుకుని, ఒక చెయ్యి సరిపోయిందంది. ఆ దోసె పెనం ముందు ఏ ర్యాంకింగ్ సంస్థా పనికిరాదు.

హాస్టల్ వద్దు, ఇంటి నుంచే వెళ్లొస్తుంది అంది మా అక్క సాయంత్రం. అదేమన్నా సుఖమా? మా ఎల్బీ నగర్ సందు చివరికి కాలేజీ బస్సు పొద్దున ఆరూ పదికి వస్తుంది. పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు. ఏడాదికి 180 రోజులే వేసుకున్నా 720 గంటలు. నాలుగేళ్లకు 2,880. రాత్రీ పగలూ కలిపి నూట ఇరవై రోజులు, అంటే నాలుగు నెలలు కిందికి దిగకుండా బస్సులో ఉన్నట్టు. హైదరాబాద్‌లో డే స్కాలర్లకు అసలు క్యాంపస్ ఆ పసుప్పచ్చ బస్సే. స్నేహాలు అక్కడే, నిద్ర అక్కడే, రికార్డు రాసుకోవడం అక్కడే. స్పీడు బ్రేకరు దగ్గర వంకరపోయిన గీతలు చూసి ఏ స్టాపు దగ్గర వేసిన బొమ్మో చెప్పగల లెక్చరర్లున్నారు. బ్రోచర్‌లో మాత్రం బస్సును "రవాణా సౌకర్యం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఇక్కడ మా బావ వాదన కూడా చెప్పాలి. "చదివేవాడు ఎక్కడైనా చదువుతాడు. చెట్లు చూసి చేర్చడానికి అదేమన్నా రిసార్టా?" అన్నాడు. అందులో కొంత నిజముంది. ఐఐటీ హైదరాబాద్ 2008లో మొదలైనప్పుడు దానికి సొంత చోటే లేదు. ఎద్దుమైలారంలో యుద్ధ వాహనాలు తయారుచేసే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో పాఠాలు చెప్పారు. తరవాతే గదా కందిలోని సొంత క్యాంపస్‌కు వెళ్లింది. ఫ్యాక్టరీ సైరన్ల మధ్య చదివినవాళ్లెవరూ చెడిపోలేదు. నేను చదివిన యూనివర్సిటీ హాస్టల్లో పప్పులో పప్పు కోసం గాలించేవాళ్లం, బాత్‌రూము తలుపుకు గడియ లేక పాట పాడుతూ స్నానం చేసేవాళ్లం. ఆ రోజులు స్వర్ణయుగమని చెప్పే మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపును నేనెప్పుడో మ్యూట్ చేశాను.

కానీ ఒకటుంది. ఆ హాస్టల్ వెనక ఒక గట్టు ఉండేది. సాయంత్రం వెళ్లి కూర్చుంటే ఎవడూ కారణం అడిగేవాడు కాదు. నాకొచ్చిన నాలుగు ముక్కల్లో మూడు అక్కడ ఇతరులు వాదించుకుంటుంటే విన్నవే.

ఆ గట్టు లాంటిదాని కోసం పాతకాలంలో కొంచెం ఆలోచించేవాళ్లు. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తును 1930లో వాల్తేరుకు, సముద్రం కనబడే మెరకకు మార్చారు. సముద్రానికి ప్లేస్‌మెంట్ సెల్ లేదని అప్పుడెవరూ అభ్యంతరం చెప్పినట్టు లేదు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తెరుచుకుంది. అందులోని తరగతి గదుల్లో ఏం చెప్పారో మరిచిపోయినవాళ్లకు కూడా దాని ముందున్న మెట్లు గుర్తుంటాయి. తెలంగాణ ఉద్యమం ఎంతో కొంత ఆ మెట్ల మీదే కూర్చుని మాట్లాడుకుంది. మెట్లు ఏం నేర్పుతాయో ఏలేవాళ్లకు కూడా బాగా తెలుసు కాబట్టే 2025 మార్చిలో ఆ యూనివర్సిటీ ధర్నాలు, నినాదాలు వద్దని సర్క్యులర్ ఇచ్చింది. గడ్డి మీద కూర్చోరాదు అన్న బోర్డుకు అది పెద్దన్నయ్య.

ఇక గచ్చిబౌలి. 1974లో పుట్టిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి రెండు వేల మూడు వందల ఎకరాల పైచిలుకు నేల ఇచ్చారు. రాళ్ల గుట్టలు, చెరువులు, నెమళ్లు, జింకలు. ఆ క్యాంపస్‌ను ఆనుకునే ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో 2025 మార్చి చివర ప్రభుత్వం బుల్డోజర్లు దింపింది. ఆ భూమి మాదే, ఐటీ పార్కులు కడతామంది. పిల్లలు అడ్డం పడ్డారు, దెబ్బలు తిన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడి పనులన్నీ ఆపమంది. పచ్చదనం బ్రోచర్‌లో ఉంటే ఫీజులో కలుస్తుంది, నేల మీద ఉంటే వేలానికి పోతుంది.

ఈ మాట నేను కాస్త ఆవేశంగానే చెప్పాను. మా బావ కళ్లు మూసుకున్నాడు. కదిలిపోయాడనుకున్నాను.

"ఎకరానికి నాలుగు వేల ఎనిమిది వందల నలభై గజాలు" అన్నాడు కళ్లు తెరవకుండానే. "నాలుగొందల ఎకరాలంటే పంతొమ్మిది లక్షల ముప్పై ఆరు వేల గజాలు రా!"

ఆప్షన్లు పెట్టే రాత్రి మా ఇల్లు వార్ రూములా ఉంది. మా అక్క సాంబ్రాణి వేసింది. బావ దగ్గర గత ఏడాది కటాఫ్‌ల ప్రింటౌటు, రెండు రంగుల హైలైటర్లు. పద్ధతి తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: పోయినేడు ఎక్కువమంది ఎగబడిన కాలేజీ ముందు పెట్టాలి. వాళ్లెందుకు ఎగబడ్డారు? అంతకు ముందేడు ఎగబడ్డారు కాబట్టి. అందరూ ఎక్కే బస్సే మంచి బస్సు, ఎటు పోతుందో దిగాక తెలుస్తుంది. కాలేజీలకు పేర్లుండవు, నాలుగక్షరాల కోడ్లు. నూట పది ఆప్షన్లు పెట్టాం. అందులో మేం కళ్లారా చూసింది ఒకటి.

పాప ఒక కాగితం తెచ్చింది. టిఫిన్ బండి తరవాత ఆ పిల్ల ఊరుకోలేదట. తెలిసిన సీనియర్లందరికీ ఫోన్లు చేసి రాసుకుంది. రాత్రి ఒంట్లో బాగాలేకపోతే ఎవరు తీసుకెళ్తారు, నీళ్లు ఎప్పుడొస్తాయి, గదికి ఎంతమంది, లైబ్రరీ తాళం ఎవరి దగ్గర, సాయంత్రం కూర్చోడానికి చోటుందా. జవాబుల ప్రకారం పదకొండు కోడ్లు వరసగా పెట్టింది. బావ ఆ కాగితం తీసుకుని ఆప్యాయంగా చదివాడు. మడిచి, హైలైటరు ఆరకుండా కింద పెట్టాడు.

"ప్యాకేజీ కాలమ్ లేదేంటమ్మా ఇందులో?"

ఆ ప్యాకేజీ కాలమ్ కూడా చూడదగ్గదే. కాలేజీ గేటు మీద ఫ్లెక్సీలో ఒకే కుర్రాడి ఫొటో, కింద అరకోటి. మిగతా తొమ్మిదొందల మందికి ఎంతొచ్చిందో ఆ కుర్రాడి నవ్వు వెనక దాక్కుంటుంది. ఒక్కోసారి ఆ ఫొటో పక్క కాలేజీ ఫ్లెక్సీ మీద కూడా కనిపిస్తుంది. ఆ కుర్రాడు రెండు కాలేజీల్లో చదివాడంటే రెండు బస్సులెక్కినట్టే, పాపం.

పాపకు సీటు మేం చూసిన కాలేజీలో రాలేదు, పాప కాగితంలోని పదకొండిట్లోనూ రాలేదు. నూట పదిలో ముప్పై నాలుగోది తగిలింది. ఎవరం చూడలేదు. మూడింటిదాకా హైలైటర్లు పట్టుకుని కూర్చున్న బావకు కూడా అది ఏ దిక్కున ఉందో గుర్తులేదు. తరవాతి విడత కౌన్సెలింగ్‌కు వెళ్దామా అన్నాను. "సీఎస్‌ఈ వచ్చింది కదా, ఇంకేంటి" అని ఫీజు కట్టేశాడు. ఆప్షన్లు పెట్టాక చివర ఒక బొత్తాం నొక్కాడు, దాని పేరు ఎంత చక్కటి మాటో చూడండి. పదిహేడేళ్ల పిల్లకు నాలుగేళ్లు ఎక్కడుండాలో తేల్చే బొత్తాం పేరు ఫ్రీజ్.

మేం చూసిన కాలేజీ పక్కన మాత్రం బావ నూట యాభై గజాలు తీసుకున్నాడు. రిజిస్ట్రేషన్ రోజు స్వీట్లు పంచుతూ, "చుట్టుపక్కల వాతావరణం బాగుంది రా. ప్రశాంతంగా ఉంటుంది. చెట్లూ అవీ..." అన్నాడు.

పాప హాస్టల్లో చేరి రెండు నెలలైంది. మొన్న మెసేజ్ పెట్టింది: "మామయ్యా, ఆదివారం ఔటింగ్‌కు కారణం రాయాలట. ఫ్రెండ్స్‌తో బయటికి అని రాస్తే మేడమ్ కొట్టేసింది. లైబ్రరీకి అని రాశా, అదీ కొట్టేసింది. ఊరికే నడవడానికి అని రాస్తే నాన్నకు ఫోన్ చేసింది. ఏం రాయను?"

'మా నాన్నగారు కొన్న ప్లాటు చూడ్డానికి' అని రాయమన్నాను.

పది నిమిషాల్లో జవాబొచ్చింది. పర్మిషన్ ఇచ్చేసిందట. రాత్రి తొమ్మిదింటిదాకా.

కింద ఇంకో మెసేజ్: "మామయ్యా, గజం ఎంతకొచ్చిందో మేడమ్ కనుక్కోమంటోంది."